ఇంకా పళ్లు రాని గుర్రం

పెదమల్లవరం అశ్వశాఖలో గుర్రాలు మూడే. వాటిని చూసుకునే సిబ్బంది ఎంతమందో తేల్చడానికి మాత్రం ఒక గుమాస్తాను ప్రత్యేకంగా వేశారు. ఆయన ఇంకా తేలుస్తూనే ఉన్నాడు.

అది ఒకప్పుడు జమీందారుగారి గుర్రపుశాల. ఆ రోజుల్లో గుర్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. జమీందారీలు పోయి శాల ప్రభుత్వం చేతికి వచ్చాక ఆ అన్యాయాన్ని క్రమంగా సరిదిద్దారు. గుర్రం చచ్చిపోతే ఆ ఖాళీని పొదుపు కింద చూపించేవారు. మనిషి రిటైరైతే ఆ ఖాళీలో ఇద్దరిని వేసేవారు. ఇంతమందీ కలిసి చేసే పని ఏడాదికి ఒక్కటే. కార్తీకమాసంలో జిల్లా ఉత్సవాలు జరిగినప్పుడు ఊరేగింపు ముందు గుర్రాలను నడిపించాలి. మిగతా రోజులన్నీ ఆ పనికి సన్నాహంలో గడిచిపోయేవి.

ఆ శాఖకు పశువుల డాక్టరు మంగతాయారు. గేదెల వైద్యంలో మంచి హస్తవాసి ఉన్న మనిషి. అందుకని ఆమెను గుర్రాలకు బదిలీ చేశారు. వచ్చిన కొత్తలో ఈ బదిలీ రద్దు చేయమని నెత్తీనోరూ కొట్టుకుంది గాని, కస్తూరిని చూశాక ఆ మాట ఎత్తడం మానేసింది.

కస్తూరి శాలలో అన్నిటికన్నా ముసలి గుర్రం. ఎర్రమట్టి రంగు ఒళ్లు ఇప్పుడు మొహం దగ్గర్నుంచి తెల్లబడుతూ వస్తోంది. ఒక కంటికి పొర కమ్మింది. వీపు కిందికి ఒంగింది. నోట్లో ఒక్క పన్ను లేదు. ఊళ్లో సగం మంది మగవాళ్లు పెళ్లినాడు ఊరేగింది ఆ గుర్రం మీదే. శాఖవాళ్లు ఆఫీసు వేళల తర్వాత దాన్ని పెళ్లిళ్లకు పంపేవారు, అది శాఖకు తెలియకుండా. ఆనాటి పెళ్లికొడుకులు కొందరు ఇప్పుడు తాతలయ్యారు.

పోయినేటి ఊరేగింపులో టపాకాయలు పేలగానే కస్తూరి మోకాళ్లు మడతపడి తారురోడ్డు మీద కూలబడింది. గుర్రం తనకు వంగి నమస్కారం పెట్టిందనుకుని ముఖ్య అతిథిగారు పొంగిపోయారు. దాన్ని లేపేసరికి మంగతాయారు చీర మోకాళ్ల దాకా రక్తం. ఆ రక్తం గుర్రానిది. ఇంకోసారి రోడ్డెక్కిస్తే ఇది రోడ్డు మీదే పోతుందని ఆమెకు ఆనాడే తెలిసిపోయింది. ఏమైనా సరే, ఈ ఏడు దీన్ని ఎక్కించేది లేదని ఒట్టు పెట్టుకుంది.

వయసు మళ్లిన గుర్రానికి విశ్రాంతి ఇవ్వవచ్చని నిబంధనల్లో ఉంది. కావలసిందల్లా వయసుకు రుజువు. కస్తూరి పుట్టుక తాలూకు కాగితాన్ని చెదలు తినేశాయి. చెదలను సంజాయిషీ అడిగే అధికారం శాఖకు లేదు.

సరిగ్గా అప్పుడే కొత్త సంచాలకులు ఆదిశేషయ్యగారు దిగారు. అంతకుముందు ఆయన జైళ్ల శాఖలోనో జౌళి శాఖలోనో చేశారు. గుర్రాల గురించి ఏమీ తెలియని మనిషి కనక, ఆయన్ని చల్లటి కొండ ఊరికి శిక్షణకు పంపారు. అక్కడ ఎవరో నిపుణుడు గుర్రం వయసును పళ్లను బట్టి చెప్పవచ్చని చెప్పాడు. ఆ మాట ఆయనకు మహా నచ్చింది. తిరిగొచ్చిన రోజే ఇంట్లో ఆవిడ పళ్లు చూడబోయి చీవాట్లు తిన్నారని శాఖలో చెప్పుకున్నారు.

మర్నాడు సిబ్బందినంతా సమావేశపరిచారు.

"మిత్రులారా! కాగితం అబద్ధమాడుతుంది. మనిషి అబద్ధమాడతాడు. దంతం అబద్ధమాడదు. కావున ఇకమీదట ఈ శాఖలో వయోనిర్ధారణ సమస్తమూ దంత ప్రమాణము ద్వారానే జరుగును" అన్నారు. మొదట్లో మాట్లాడుతున్నట్టే ఉన్నా, ఆయన మాటలు చివరికొచ్చేసరికి ఉత్తర్వులైపోయేవి.

సాయంత్రానికల్లా గోడ మీద ఒక పట్టిక వెలిసింది. శిక్షణలో పంచిన కాగితాన్నే పెద్దది చేయించి చట్రం కట్టించారు. మొదటి గడిలో 'పళ్లు లేవు: అప్పుడే పుట్టిన పిల్ల' అని ఉంది. ఆ కింద పాలపళ్లు, అవి ఊడి వచ్చే గట్టిపళ్లు, వాటి మీది గుంటలు అరిగిపోవడం, ఆఖర్న పన్ను అరిగి అరిగి మూడు పలకలుగా తేలడం, అన్నీ వరసగా ఉన్నాయి. మూడు పలకల పన్ను ఎదురుగా 'వృద్ధాప్యం: విశ్రాంతికి అర్హత కలదు' అని ఉంది. అక్కడితో కాగితం అయిపోయింది. మరీ ముసలి గుర్రానికి ఆ పళ్లు కూడా రాలిపోతాయన్న సంగతి రాయడానికి చోటు చాల్లేదు.

మంగతాయారు ఆ పట్టికను సరిగ్గా చదవకుండానే సంబరపడింది. పళ్లు చూసి వయసు కట్టడం ఆమె చదువుకున్న విద్యే, విద్య మంచిదే. కస్తూరి నోరు తెరిచి చూపిస్తే దాని వయసు చంటిపిల్లాడు కూడా చెబుతాడు. వెంటనే పరీక్ష జరిపించమని కోరింది. కోరడమే తడవుగా జరిపించారు.

సాయీసు ఖాసిం సాయిబు కస్తూరి పెదవిని మెల్లగా పైకెత్తి పట్టుకున్నాడు. దాన్ని చిన్నప్పట్నుంచీ సాకినవాడు అతను. దాని పళ్లూ అతని పళ్లూ ఇంచుమించు ఒక్కసారే ఊడాయి.

"ఏమి కనబడుచున్నది?" అన్నారు ఆదిశేషయ్యగారు, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

"చిగుళ్లండి" అన్నాడు సూపరింటెండెంటు వరహాలరావు, వంగి చూసి.

"దంతములు?"

"నిల్లండి."

ఆదిశేషయ్యగారు పట్టిక దగ్గరికి వెళ్లారు. చూపుడు వేలు మొదటి గడి మీద పెట్టారు. ఆ వేలు మరి కిందికి దిగలేదు.

"అప్పుడే పుట్టిన పిల్ల" అన్నారు.

మంగతాయారుకు ముందు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

"సార్, దానికి పళ్లు రాక కాదు. ఊడిపోయి లేవు."

"ఊడినవి దాఖలు చేసితిరా?"

"గుర్రం పళ్లు ఎవరు దాస్తారండీ?"

"అదే చెబుతున్నాను. రాని పన్నుకూ పోయిన పన్నుకూ దస్త్రములో భేదము లేదు. రెండూ లేనివే."

"దాని వీపు చూడండి సార్, ఎలా ఒంగిపోయిందో. కంటి మీద పొర చూడండి."

"వీపు ప్రమాణము కాదు. నేత్రము ప్రమాణము కాదు."

"ఊరందరికీ తెలుసు సార్ దీని వయసు. వరహాలరావుగారి పెళ్లికి ఈ గుర్రమే కదా ఎక్కింది! అడగండి."

వరహాలరావు గొంతు సవరించుకున్నాడు. "ఎక్కానండి, ఆయ్. గుర్రమే ఎక్కానండి. అయితే ఆ వేళ బాసికం కళ్లకి అడ్డం పడిపోయిందండి. ఏ గుర్రమో సరిగా చూళ్లేదండి" అన్నాడు.

"డాక్టరుగారూ, అందరికీ తెలిసినది సమాచారం. ఎవరికీ తెలియకపోయినా కాగితం మీద ఉన్నది ఆధారం. ఈ రెంటికీ తేడా మీకు సర్వీసులో ఎవరూ చెప్పినట్టు లేదు" అన్నారు ఆదిశేషయ్యగారు దయగా. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ధ్రువపత్రం అప్పటికప్పుడు తయారైంది. కస్తూరి, ఆడపిల్ల, వయసు నిండా ఒక రోజు. డాక్టరు సంతకం ఒక్కటే తక్కువ.

మంగతాయారు పెన్ను విసిరికొట్టబోయి, ఆగింది. అశ్వశాఖ నిబంధనల పుస్తకంలో పిల్లల అధ్యాయం ఆమెకు గుర్తొచ్చింది. పెద్ద గుర్రానికి ఎండుగడ్డి, గట్టి ఉలవలు తప్ప మరేమీ ఇవ్వకూడదు. పళ్లు లేని కస్తూరి వాటిని నమల్లేక బక్కచిక్కిపోతుంటే, మెత్తటి జావ మంజూరు చేయమని ఆమె ఎన్నిసార్లు అడిగినా శాఖ ఒప్పుకోలేదు. ఇంటి దగ్గర ఉలవలు ఉడికించి, మెత్తగా మెదిపి, గిన్నెలో తానే తెచ్చి పెడుతోంది. అదే పిల్లకైతే రోజూ పాలు, బెల్లం వేసిన జావ, మెత్తటి తవుడు. పైగా ఏ పనీ చెప్పకూడదు.

"సార్, పిల్లకి ఊరేగింపు డ్యూటీ ఉండదు కదండీ?" అంది నెమ్మదిగా.

"పురిటిపిల్లను ఊరేగింపుకు తోలుతామా డాక్టరుగారూ! మనం మనుషులం కాదూ!" అన్నారు ఆదిశేషయ్యగారు నొచ్చుకుంటూ.

మంగతాయారు సంతకం పెట్టేసింది. కొరివితో తల గోక్కుంటున్నానని ఆమెకు తెలుసు. అయినా కస్తూరి రోడ్డెక్కకుండా ఉంటే చాలు, తల కాలితే కాలనీ అనుకుంది.

నిజం చెప్పొద్దూ, కస్తూరి తేరుకుంది. పాలూ జావా కడుపులో పడేసరికి డొక్కలు నిండాయి, వెంట్రుకకు నిగారింపు వచ్చింది. ఎవరైనా వస్తే చెవులు నిక్కించి చూడడం మళ్లీ మొదలుపెట్టింది. నిజం చెప్పి సాధించలేని గుక్కెడు జావను అబద్ధం ఇంత సులువుగా తెచ్చి పెట్టడం చూసి మంగతాయారుకు సంతోషంతోపాటు కాస్త సిగ్గు కూడా వేసింది. సంతోషమే ఎక్కువ వేసింది.

కాని కార్యాలయం ఊరుకునే రకం కాదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం. పిల్ల పుట్టింది సరే, తల్లి ఎవరు అని పైనుంచి అడిగారు. కస్తూరి కాక శాలలో ఉన్న ఆడగుర్రం మల్లిక ఒక్కటే. పళ్ల ప్రకారం దాని వయసు ఆరేళ్లు. మల్లికను తల్లిగా నమోదు చేసి, నిబంధనల ప్రకారం ప్రసవ సెలవు మంజూరు చేశారు. ముప్పై ఏళ్ల కూతురు జావ తాగుతుంటే, పక్కనే ఆరేళ్ల తల్లి గడ్డి నములుతూ నిలబడేది.

"మల్లిక ఈ శాలకొచ్చిన రోజు బెంగెట్టుకుని వణికిపోతుంటే కస్తూరే నాకి నాకి దగ్గరికి తీసిందమ్మగారూ. ఇప్పుడిది దానికి కూతురంట. ఏం చెప్తామండి!" అన్నాడు ఖాసిం సాయిబు.

తండ్రి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. మూడో గుర్రం భీముడు మగదే గాని, పిల్లల్ని కనే యోగం లేకుండా చిన్నప్పుడే కోత కోయించారు. కోయించింది శాఖే. మరి ఈ పిల్ల ఎలా పుట్టినట్టు? కోత సక్రమంగా జరగలేదా, భీముడే ఏదైనా దాస్తున్నాడా అని విచారణ వేశారు. విచారణ తేలేదాకా దాన్ని విధుల నుంచి తప్పించారు. భీముడు తన వాదన వినిపించుకోవడానికి గడువు కూడా ఇచ్చారు. గడువులోగా అది నోరు మెదపలేదని విచారణాధికారి ప్రత్యేకంగా రాసుకున్నారు.

ఇంత విజయం చేతికందాక ఆదిశేషయ్యగారి చూపు సిబ్బంది మీద పడింది. వాళ్ల వయసులు తిరగేస్తే అందరూ జూలై ఒకటో తేదీనే పుట్టారు. ఒకే రోజున ఇంతమందిని కనే శక్తి ఈ ఊరికి లేదని ఆయనకు గట్టి అనుమానం. కనుక సిబ్బందికీ దంత ప్రమాణమే అన్నారు. మనుషులకు వేరే పట్టిక కావాలంటే పైనుంచి మంజూరు రావాలి. అది వచ్చేదాకా గుర్రాల పట్టికనే వాడమన్నారు.

మొదట వరహాలరావు నోరు చూశారు. ఆయన మొన్న ఉగాదికి రెండు దవడలకూ కొత్త పళ్లసెట్టు కట్టించుకున్నాడు. పళ్లన్నీ నిండుగా వచ్చాయి, అరుగుదల లేదు, గుంటలు స్పష్టం. పట్టిక ప్రకారం వయసు ఐదేళ్లు. ఆ నెలాఖరుకే రిటైరు కావలసిన మనిషి ఆ మాట విని ఆనందంతో కళ్లు తుడుచుకున్నాడు. ఐదేళ్లవాడి సంతకం చెల్లదని తెలిసి ఆఫీసులో ఫైళ్లన్నీ ఆగిపోయాయి గాని, అవి అంతకుముందు మాత్రం కదిలిందెప్పుడు? ఈ వార్త పొక్కగానే గుమాస్తాలు వరసకట్టి బజార్లో పళ్ల డాక్టరు దగ్గరికి పోయి, రాయిలాంటి పళ్లు పీకించుకుని సెట్లు కట్టించుకున్నారు. శాఖ సగటు వయసు పక్షం రోజుల్లో బాగా తగ్గిపోయిందని, ఇంత యువరక్తం మరే శాఖలోనూ లేదని ఆదిశేషయ్యగారు పైకి రాశారు.

ఖాసిం సాయిబుకు సెట్టు కట్టించుకునే స్తోమతు లేదు. ఉత్త చిగుళ్లు చూపించాడు. పురిటిబిడ్డ కింద తేల్చి, గుర్రాల దగ్గర బరువు పనులు చేయరాదని, రోజూ పాలు తాగాలని ఉత్తర్వు ఇచ్చారు. కస్తూరికి వచ్చే క్యానులోంచే ఒక చెంబు అతనికి పోసేవారు.

"పాలు బాగానే ఉంటన్నాయమ్మగారూ" అన్నాడు మంగతాయారుతో. "జీతం గురించి అడిగితే పెద్దయ్యాక చూద్దారి అంటన్నారు."

ఉత్సవాలు వారం రోజుల్లోకి వచ్చాయి. ఏర్పాట్లు చూడడానికి కమిషనరుగారు రాజధాని నుంచి వచ్చారు. ఊరేగింపుకు గుర్రం ఒక్కటి కూడా లేదన్న సంగతి ఆయనకు ఎలా చెప్పాలా అని ఆఫీసంతా గింజుకుంటుంటే, ఆదిశేషయ్యగారు మాత్రం చిరునవ్వుతో ఎదురెళ్లారు.

"అయ్యా, ఎన్నో ఏళ్లుగా ఈ శాలలో జననము అన్నది లేదు. మేము బాధ్యతలు స్వీకరించిన అనతికాలములోనే ఒక పిల్లను సాధించితిమి."

"శభాష్! ఏదీ?"

కస్తూరిని చూపించారు. కమిషనరుగారు కారు దిగకుండానే అద్దం దించి చూశారు.

"పిల్ల కాస్త ఏపుగా ఉన్నట్టుందే?"

"పాలు పుష్కలముగా పోయించుచున్నామండీ."

"బ్రహ్మాండం. ఊరేగింపు ముందు దీన్నే నడిపించండి, పని కింద కాదు, ప్రదర్శన కింద. జిల్లా ప్రగతికి ఇంతకంటే ప్రతీక ఏముంటుంది? వెనకాల బాణసంచా గట్టిగా పెట్టించండి, జనం దృష్టి పడాలి."

మంగతాయారు అందర్నీ తోసుకుని కారు దగ్గరికి వెళ్లింది.

"సార్, అది పిల్ల కాదండీ. ముప్పై ఏళ్ల ముసలి గుర్రం. రోడ్డెక్కిస్తే చచ్చిపోతుంది."

కమిషనరుగారు ధ్రువపత్రం తెప్పించి చూశారు. "ఈ సంతకం ఎవరిదమ్మా?"

"నాదేనండీ."

"అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారా?"

"అప్పుడు రాశానండీ."

"అయితే మీ మీద చర్య తీసుకోవాలి. తీసుకున్నాక ఇది పెద్ద గుర్రమని తేలుతుంది. పెద్ద గుర్రమైతే ఊరేగింపులో నడవాల్సిందే. విశ్రాంతి కావాలంటే మూడు పలకల పన్ను చూపించాలి, ఆ పన్ను దీనికి లేదు. మీ మాట నిజమైతే డ్యూటీ కింద నడుస్తుంది, అబద్ధమైతే ప్రగతి కింద నడుస్తుంది. రెండు విధాలా నడిచేదానికి మీరెందుకమ్మా శ్రమపడతారు?" అన్నారు కమిషనరుగారు ఎంతో శాంతంగా. అద్దం పైకి లేచింది.

ఆ మధ్యాహ్నం మంగతాయారు అన్నం తినలేదు. శాలలో కూర్చుని కస్తూరి మోకాళ్లకు నూనె రాస్తూ ఏడ్చింది. తన సంతకమే దీని మెడకు పలుపుతాడైందని కుమిలిపోయింది. ఏడుపు తీరాక మొహం కడుక్కుని నిబంధనల పుస్తకం ముందేసుకుంది. నిజం చెబితే వినే చెవి లేనప్పుడు ముల్లును ముల్లుతోనే తీయాలి గదా.

మర్నాడు పొద్దున్నే సంచాలకులవారి గదికి వెళ్లింది.

"సార్, నిన్న తొందరపడ్డాను. పిల్లను తప్పకుండా ఊరేగింపుకు పంపుదాం" అంది.

"సంతోషం. అదే వివేకము."

"కాకపోతే పాలు మరవని పిల్లను తల్లి నుంచి వేరుచేయరాదని నిబంధన ఉందండి. తల్లి కూడా పక్కన నడవాలి."

"నడిపించండి."

"తల్లి ప్రసవ సెలవులో ఉందండి. మంజూరు చేసింది తమరే."

"రద్దు చేయుదుము."

"చేయొచ్చండి. ప్రసవ సెలవు రద్దు చేయాలంటే ప్రసవం జరగలేదని కారణం రాయాలి. అది కూడా తమరే రాయాలి. నిన్న కమిషనరుగారు చూసి మెచ్చుకున్న పిల్ల పుట్టనే లేదని."

ఆదిశేషయ్యగారు సెలవు మంజూరు కాగితం తిరగేశారు. పుట్టిన పిల్లను పుట్టలేదనడం ఆయన సర్వీసులో ఇంతవరకూ జరగలేదు.

"శిశు సంక్షేమము దృష్ట్యా పిల్లను ఊరేగింపు నుంచి మినహాయించడమైనది" అన్నారు చివరికి. మంగతాయారు ఆ మాటను కాగితం మీద రాయించుకునే గుమ్మం దాటింది.

ఊరేగింపుకు మరి గుర్రం కావాలి గదా. పక్క ఊరి నుంచి కీలుగుర్రాల మేళాన్ని పిలిపించారు. వెదురుతో గుర్రం బొమ్మ కట్టి, దానికి గుడ్డలు చుట్టి, నడుముకు తగిలించుకుని ఆడేవాళ్లు. వాళ్లు రోడ్డెక్కబోతుంటే ఆదిశేషయ్యగారు ఆపి, వయోనిర్ధారణ జరిగిందా అని అడిగారు. రంగులేసినవాడు ముందువరస బొమ్మ నోట్లో తెల్లటి పళ్లు వరసగా దిద్ది పెట్టాడు. పట్టికతో పోల్చి చూసుకుని, నిండు యౌవనంలో ఉందని, విధులకు అన్నివిధాలా తగినదని ధ్రువపత్రం ఇచ్చారు. శాఖ చరిత్రలో ఇంత చక్కటి పలువరస గల గుర్రం లేదని కమిషనరుగారు బొమ్మ మెడలో దండ వేశారు.

దూరంగా టపాకాయలు పేలుతుంటే కస్తూరి ఒకసారి చెవులు రిక్కించి, మళ్లీ జావలో మూతి పెట్టింది. ఆ సాయంత్రమంతా మంగతాయారు దాని పక్కనే కూర్చుంది. అంత హాయిగా ఆమె కూర్చుని ఎన్నాళ్లయిందో.

కస్తూరి చలికాలం గడిపింది. మాఘమాసంలో ఒక ఉదయం ఎండపొడ పడే చోట పడుకుంది, ఇక లేవలేదు. కొట్టుకోలేదు, మూలగలేదు. మల్లిక దాని మెడ వాసన చూస్తూ నిలబడిపోయింది. ఖాసిం సాయిబు తలపాగా తీసి దాని మొహం మీద కప్పాడు. మంగతాయారు అందరి ముందూ బావురుమంది. అది రోడ్డు మీద కాక ఇక్కడ, ఎండలో పోయిందన్న ఊరట ఉన్నా, ఏడుపు ఆగలేదు.

మరణ కారణం అన్న చోట 'వృద్ధాప్యం' అని రాసింది. నెలలపిల్ల వృద్ధాప్యంతో ఎలా మరణించునని ఆక్షేపిస్తూ గంటలో కాగితం వెనక్కి వచ్చింది. ఆమె ఆ మాట కిందే మళ్లీ 'వృద్ధాప్యం' అని రాసి పంపింది.

మధ్యాహ్నానికి కస్తూరిని నాలుగు చక్రాల బండి మీద తోటలోకి తీసుకెళ్లారు. గుంట అప్పటికే సిద్ధంగా ఉంది. పనివాళ్లు ధ్రువపత్రం చూసి, పురిటిపిల్లకు మంజూరైన కొలత ప్రకారం శ్రద్ధగా తవ్వారు. అందులో ఒక మేకపిల్ల సుఖంగా పడుతుంది.

అందరూ గుంట చుట్టూ నిలబడ్డారు. గుంటను చూశారు. బండి మీద గుర్రాన్ని చూశారు. మళ్లీ గుంటను చూశారు. ఆదిశేషయ్యగారు కూడా చూశారు.

"పిల్ల బాగా ఎదిగింది" అన్నారు.

"కాళ్లు మడిస్తే పట్టుద్దేమోనండి" అన్నాడు వరహాలరావు. కాగితం మీద ఐదేళ్లవాడే అయినా ఆ మాట అన్నాక అతను తలెత్తలేకపోయాడు.

"ఆ కాళ్లు ఇక మడవ్వు. విరగ్గొట్టాలి. ఎవరు విరగ్గొడతారో ముందుకు రండి" అంది మంగతాయారు.

ఎవరూ కదల్లేదు.

"గుంటను పెంచుటకు ముందస్తు అనుమతి..." అని మొదలుపెట్టారు ఆదిశేషయ్యగారు.

మంగతాయారు పనివాడి చేతిలోంచి పార లాక్కుంది. చీర కొంగు నడుముకు దోపి గుంటలోకి దిగి తవ్వడం మొదలుపెట్టింది. ఖాసిం సాయిబు గునపం అందుకున్నాడు. బరువు పనులు చేయరాదన్న ఉత్తర్వు ఎవరూ అతనికి గుర్తు చేయలేదు. కాసేపటికి పనివాళ్లు దిగారు. ఆ తర్వాత వరహాలరావు చొక్కా విప్పి, పళ్లసెట్టు తీసి జేబులో వేసుకుని, తట్టతో మట్టి ఎత్తాడు. తన పెళ్లినాటి గుర్రం తాలూకు సంగతులు అప్పుడు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. బాసికం అడ్డం పడినా అతనికి అన్నీ బాగానే కనిపించినట్టున్నాయి.

పొద్దు వాలేవేళకు కస్తూరిని నిండా కాళ్లు చాపి పడుకోబెట్టారు.

మర్నాడు మంగతాయారుకు తాఖీదు అందింది. చంటిపిల్లకు మంజూరైన కొలతను మించి, అనుమతి లేకుండా ప్రభుత్వ భూమిని తవ్వినందుకు తగు సంజాయిషీ వెంటనే దాఖలు చేయవలసినదని అందులో ఉంది. జవాబుకు విడిగా ఒక తెల్ల కాగితం కూడా జతచేశారు, కావాలంటే ఇంకా ఇస్తామన్నారు.

ఆమెకు ఒక్క కాగితం కూడా పూర్తిగా అక్కర్లేకపోయింది.

'గుంట చాల్లేదు. గుర్రం పెద్దది' అని రాసి, కింద సంతకం పెట్టింది.